పాతికేళ్ల తర్వాత కాదు, ఇప్పుడే

కష్టంలో ఉన్న పిల్లలకు పెద్దవాళ్లు చెప్పే మాటల్లో అన్నిటికన్నా చవకైనది "కొన్నాళ్లు ఓపిక పట్టు, అన్నీ అవే సర్దుకుంటాయి" అన్నది. ఈ మాట చెప్పడానికి ఖర్చు లేదు, శ్రమ లేదు. ఓదార్చామన్న తృప్తి కూడా చెప్పినవాళ్లకి దక్కుతుంది. విన్న పిల్లకు మాత్రం ఏమీ దక్కదు. తెల్లవారితే ఆ పిల్ల మళ్లీ అదే బడికి వెళ్లాలి. అదే వరండాలోంచి, అవే నవ్వుల మధ్య నుంచి నడవాలి.

స్వీడన్ దర్శకుడు లూకస్ మూడిసన్ 1998లో తీసిన ఒక సినిమా ఈ ఓదార్పును సూటిగా నిలదీస్తుంది. స్వీడిష్ భాషలో ఆ సినిమా పేరు 'ఫకింగ్ ఓమోల్'. ఓమోల్ అనేది ఒక చిన్న ఊరు. విసుగెత్తిన ఒక అమ్మాయి ఊరిపేరు ముందు తగిలించిన తిట్టే సినిమా పేరయింది. ఊరి పెద్దలు ఆ పేరుకు నొచ్చుకున్నారు, మార్చమన్నారు. నిర్మాతలు మార్చలేదు. బయటి దేశాల్లో మాత్రం అది 'షో మీ లవ్' అనే మర్యాదైన పేరుతో ఆడింది. 1999లో బెర్లిన్ చిత్రోత్సవంలో టెడ్డీ బహుమతి వచ్చింది. స్వీడన్‌లో ఏటా ఇచ్చే గుల్డ్‌బాగే బహుమతుల్లో ఉత్తమ చిత్రం, దర్శకత్వం, స్క్రీన్‌ప్లే, నటి బహుమతులు నాలుగూ దానికే దక్కాయి. నటి బహుమతిని ఇద్దరు అమ్మాయిలు, అలెగ్జాండ్రా డాల్‌స్ట్రోమ్, రెబెకా లిల్యెబెరి, పంచుకున్నారు.

ఇంత కాలం తర్వాత ఈ సినిమా గురించి రాయడానికి కారణం బహుమతులు కాదు. యౌవనంలో అడుగుపెడుతున్న పిల్లల మీద వచ్చే సినిమాలు సాధారణంగా 'ఎదగడం' గురించి మాట్లాడతాయి. ఇది ఎదిగేదాకా ఆగమనడంలోని అన్యాయం గురించి మాట్లాడుతుంది. స్త్రీల హక్కుల కోసం పనిచేసే మనం ఆ మాటను మన బడుల వైపు, మన ఉద్యమం వైపు తిప్పి చూసుకోవలసిన అవసరం ఉందని నేననుకుంటున్నాను.

కథ చిన్నదే. ఆగ్నెస్ కుటుంబం ఓమోల్‌కు వచ్చి ఏడాది దాటింది. ఆగ్నెస్‌కు ఇంకా ఒక్క స్నేహితురాలు కూడా లేదు. చదువుకుంటుంది, తనలో తాను ఉంటుంది, మనసులో మాటలన్నీ కంప్యూటర్‌లో డైరీగా రాసుకుంటుంది. ఆ డైరీ నిండా ఎలీన్ ఉంటుంది. ఎలీన్ అదే బళ్లో చదివే అమ్మాయి. అందగత్తె అని పేరు, చుట్టూ ఎప్పుడూ గుంపు. ఆగ్నెస్‌కు పదహారేళ్లు వచ్చిన రోజున తల్లిదండ్రులు ఆమె వద్దంటున్నా విందు పెడతారు. బల్ల నిండా తిండి ఉంటుంది, తినేవాళ్లుండరు. వచ్చిన ఒక్క అమ్మాయి విక్టోరియా, చక్రాల కుర్చీలో. తర్వాత ఎలీన్, ఆమె అక్క జెస్సికా వస్తారు, వేరే చోటికి పోవడం ఇష్టంలేక, పొద్దుపోవడానికి. ఆగ్నెస్‌ను ముద్దుపెట్టుకోగలవా అని అక్కాచెల్లెళ్ల మధ్య పందెం పడుతుంది. పందెం ఇరవై క్రోనార్లు. ఎలీన్ ముద్దు పెట్టి నవ్వుకుంటూ పారిపోతుంది. ఆ రాత్రి ఆగ్నెస్ చచ్చిపోవాలనుకుంటుంది. తప్పు చేశానన్న బాధతో ఎలీన్ క్షమాపణ చెప్పడానికి వెనక్కి రావడంతో కథ మొదలవుతుంది.

మన భాషలో ఆగ్నెస్ లాంటి పిల్లకు ఒక పేరుంది. 'తేడా'. "ఆ పిల్ల కాస్త తేడా" అంటారు. తేడా దేనితో, ఎవరితో అని ఎవరూ అడగరు. అందరికీ తెలిసిన కొలబద్ద ఒకటి ఎక్కడో ఉన్నట్టు, ఆ కొలతకు ఈ పిల్ల సరిపోనట్టు ఆ మాట పలుకుతారు. ఆడపిల్ల గట్టిగా నడిస్తే 'మగరాయుడు', మగపిల్లవాడు మెత్తగా మాట్లాడితే 'ఆడంగి'. ఈ మాటలు పిల్లలు పుస్తకాల్లో నేర్చుకున్నవి కావు. ఇంట్లో, బళ్లో, సినిమా హాల్లో నేర్చుకున్నవి. దశాబ్దాలుగా మన తెలుగు సినిమాల్లో మెత్తగా నడిచే మగవాడు నవ్వించడానికే తెర మీదికి వచ్చాడు. పన్నెండేళ్ల పిల్లవాడికి తన మీద తోటివాళ్లు ఎలా నవ్వాలో, ఆ నవ్వును తాను ఎలా భరించాలో రెండూ ఆ హాల్లోనే తెలుస్తాయి.

సమాజశాస్త్రం చదువుకున్నదానిగా నాకు ఈ సినిమాలో ముందుగా నచ్చినది, ఆగ్నెస్‌లో ఏం లోపమని అది వెతకకపోవడం. తేడా పిల్లలో ఉండదు, గీత గీసినచోట ఉంటుంది. చిన్న ఊళ్లో అందరూ అందరికీ తెలుసు. ఎవరు ఎవరితో తిరుగుతున్నారో తెలియడమే అక్కడ కాలక్షేపం. అలాంటి చోట గీతకు అవతల నిలబెట్టడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి ఉంటేనే మిగిలినవాళ్లు గీతకు ఇవతల ఉన్నామన్న ధైర్యంతో ఉంటారు. ఓమోల్ బడికి ఆగ్నెస్ అవసరం. ఆమె లేకపోతే ఇంకొకరిని వెతుక్కుంటుంది.

గీతకు ఇవతల ఉన్నవాళ్లు స్వేచ్ఛగా ఉన్నారా అంటే, అదీ లేదని సినిమా చూపిస్తుంది. ఎలీన్‌కు ఊరంటే ఊపిరాడదు. పత్రికలో ఫలానా రకం నాట్యాల పార్టీలకు కాలం చెల్లిందని చదివి మండిపడుతుంది. లోకంలో అవి పాతబడిపోయాయి, తమ ఊరికింకా చేరనే లేదు. ఇంట్లో ఇద్దరు కూతుళ్లను ఒంటరిగా పెంచుతూ, సాయంత్రం టీవీలో లాటరీ ఆట చూసే తల్లి ఉంటుంది. పెళ్లి, పిల్లలు, కారు, ఇల్లు, చివరికి ఇంకో పడుచు పిల్ల కోసం వదిలిపోయే మొగుడు. తన బతుకూ ఇలాగే ఇక్కడే తెల్లారిపోతుందని ఎలీన్ భయం. మనవాళ్లు మంచి భవిష్యత్తు అని పిలిచేదాన్నే ఆ పిల్ల పీడకలగా చూస్తుంది.

ఒక చిన్న సన్నివేశం చెప్పాలి. జెస్సికా స్నేహితుడు మార్కుస్ సెల్‌ఫోన్ చేతిలో పట్టుకుని, ఇలాంటి యంత్రాలు మగపిల్లలకే తెలుస్తాయని, ఆడపిల్లలకు తెలిసేది అలంకరణేనని చెబుతాడు. ఎలీన్ పక్కనున్న జోహాన్ మంచివాడే, ఆమె అంటే ప్రాణం. కానీ మార్కుస్ అడిగితే అవునని తల ఊపుతాడు. ఎలీన్ అతని వంక చూసే చూపు చాలు. కొట్టడం లేదు, తిట్టడం లేదు. ఒక పిరికి తల ఊపు, అంతే. పితృస్వామ్యం రోజూ నిలబడేది క్రూరుల వల్ల మాత్రమే కాదు, ఇలా తల ఊపే మంచివాళ్ల వల్ల కూడా. ఈ ముక్క చెప్పడానికి మనం వ్యాసాలు రాస్తాం. మూడిసన్ ఒక నిమిషంలో చూపించాడు.

అలాగని ఆగ్నెస్‌ను దేవతను చెయ్యలేదు. పుట్టినరోజు నాడు తన కోసం వచ్చిన ఒక్క మనిషినీ ఆమె ఘోరంగా అవమానిస్తుంది. విక్టోరియా తెచ్చిన కానుకను, చివరికి ఆమె చక్రాల కుర్చీని కూడా ఎత్తిపొడుస్తుంది. బల్ల దగ్గర కూర్చున్న అమ్మానాన్నలు నోరు తెరిచి చూస్తారు. అణచివేతకు గురైనవాళ్లు తమకన్నా బలహీనుల మీద అదే ఆయుధం ఎత్తడం మనకు కొత్త కాదు. కోడలు అత్త అయినప్పుడు చూశాం, అగ్రకుల స్త్రీ దళిత స్త్రీతో మాట్లాడినప్పుడు చూశాం. సినిమా ఈ నిజాన్ని దాచకపోవడం మెచ్చుకోదగ్గది. అయితే విక్టోరియా ఆ తర్వాత కథకు అక్కరలేని మనిషి అయిపోతుంది. ఆ రాత్రి ఆమె ఇంటికి వెళ్లి ఏం చేసిందో మనకు చూపించరు. ఒక తేడాను ప్రేమతో చూసిన కెమెరా రెండో తేడా దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. వికలాంగురాలైన అమ్మాయికి కూడా పదహారేళ్లు వస్తాయని, ఆమె మనసులోనూ ఒకరు ఉండవచ్చని ఆ కథకు తట్టలేదు. ఇది ఈ సినిమాతో నాకున్న పేచీ.

ఇక పెద్దవాళ్ల సంగతి. ఆగ్నెస్ తల్లిదండ్రులు చెడ్డవాళ్లు కారు. కొట్టరు, గదిలో పెట్టి తాళం వెయ్యరు, పెళ్లి చేసి పంపరు. తల్లి కూతురి డైరీ చదివేస్తుంది, భయంతోనే. తండ్రి పక్కన కూర్చుని తన చిన్నతనం చెబుతాడు. చదువుకునే రోజుల్లో తనకూ స్నేహితులు తక్కువేనట. పాతికేళ్ల తర్వాత పాత విద్యార్థులందరూ కలిస్తే, అప్పట్లో వెలిగిపోయినవాళ్లు ఎక్కడివాళ్లక్కడే ఉండిపోయారట, మూలన కూర్చున్నవాళ్లే పైకొచ్చారట. అందుకని బాధపడకు అంటాడు. ఆగ్నెస్ ఒప్పుకోదు. పాతికేళ్ల తర్వాత వచ్చే సంతోషం తనకెందుకు, తనకు ఇప్పుడు కావాలి అంటుంది.

నా దృష్టిలో సినిమా అంతా ఆ జవాబులో ఉంది. తండ్రి చెప్పింది అబద్ధం కాకపోవచ్చు. కానీ పదహారేళ్ల పిల్ల మనిషి కావడానికి సిద్ధమవుతున్న జీవి కాదు, ఇప్పటికే మనిషి. ఆమె ఈరోజు కూడా బతుకే. రేపటి మంచి ఈనాటి అవమానానికి చెల్లుచీటీ కాదు. మన తెలుగులో చలం 'బిడ్డల శిక్షణ'లో పిల్లల సంతోషాన్ని పెద్దల ఇష్టాలకు బలిపెట్టవద్దని మొత్తుకున్నాడు. ఆ పుస్తకాన్ని మెచ్చుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, ఇంట్లో అమలుపెట్టేవాళ్లు తక్కువ.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆగ్నెస్ ఉన్నది చట్టం లేని దేశంలో కాదు. స్వీడన్ 1944లోనే స్వలింగ సంబంధాలను నేరాల జాబితాలోంచి తీసేసింది. 1979లో దాన్ని జబ్బుల జాబితాలోంచి తీసేసింది. 1995 నుంచి ఇద్దరు స్త్రీలు, ఇద్దరు పురుషులు తమ సహజీవనాన్ని నమోదు చేసుకునే వీలుంది. 2009లో పెళ్లి హక్కు కూడా వచ్చింది. అంటే ఆగ్నెస్ పుట్టకముందే ఆమె నేరస్తురాలు కాదు, రోగి కాదు. అయినా బడి వరండాలో ఆమె ఒంటరిదే. చట్టం రాజధాని నుంచి బయల్దేరి చిన్న ఊరి బడి వరండా దాకా రావడానికి ఎంతకాలం పడుతుంది? తనంతట తానుగా అసలు వస్తుందా? స్త్రీల కోసం వచ్చిన ఎన్నో చట్టాల విషయంలో మనం అడిగిన ప్రశ్నే ఇది. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. దాని తర్వాత ఏం జరిగిందో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.

ఈ సినిమా స్వీడన్‌లో 1998 అక్టోబరులో విడుదలయింది. ఆ తర్వాతి నెలలోనే దీపా మెహతా 'ఫైర్' మన దేశంలో విడుదలయింది. షబానా ఆజ్మీ, నందితా దాస్ అందులో తోడికోడళ్లు. ప్రేమ కరువైన ఇంట్లో ఒకరికొకరు ఆసరా అయి, ప్రేమికులవుతారు. డిసెంబరు మొదటివారంలో ముంబయిలో, ఆ వెంటనే ఢిల్లీలో శివసేన కార్యకర్తలు హాళ్ల మీద దాడి చేశారు. ముంబయిలో అద్దాలు పగలగొట్టినవాళ్లలో ఆ పార్టీ మహిళా విభాగం వాళ్లూ ఉన్నారు. సినిమాను మళ్లీ సెన్సారుకు పంపారు. 1999 ఫిబ్రవరిలో కత్తిరింపులేమీ లేకుండానే మళ్లీ విడుదలయింది.

దాడి చేసినవాళ్ల సంగతి అందరికీ తెలిసిందే. నేను గుర్తుచేయాలనుకున్నది మనవైపు జరిగిన చర్చ. ఢిల్లీలో రీగల్ థియేటర్ ముందు నిరసనకు వచ్చినవాళ్లలో కొందరు తాము భారతీయులమూ లెస్బియన్లమూ అని రాసిన అట్ట పట్టుకుని నిలబడ్డారు. ఆ అట్ట కొందరు మిత్రులకు ఇబ్బంది కలిగించింది. భావప్రకటన స్వేచ్ఛ గురించి మాట్లాడదాం, మత ఛాందసం గురించి మాట్లాడదాం, ఆ మాట మాత్రం ఇప్పుడే ఎందుకు అన్నారు. తిండి, నీళ్లు, కూలి, హింస, ముందు అవి తేలనివ్వండి అన్నారు. అలా ఆ మాటే మాయమైపోతోందని గ్రహించి కొందరు స్త్రీలు 'క్యాంపెయిన్ ఫర్ లెస్బియన్ రైట్స్' పేరుతో విడిగా పని మొదలుపెట్టారు. ఆగ్నెస్ తండ్రి మాటా, ఆ మిత్రుల మాటా ఒకటే. "తర్వాత." మంచివాళ్లు, మన మంచి కోరేవాళ్లు, ప్రేమగా చెప్పే "తర్వాత".

విచిత్రంగా ఆ తండ్రి ఇచ్చిన గడువు మనకు అక్షరాలా గడిచిపోయింది. 1998 అక్టోబరుకు పాతికేళ్లు కలిపితే 2023 అక్టోబరు. ఈలోగా 2009లో ఢిల్లీ హైకోర్టు 377వ సెక్షన్ నుంచి విముక్తి ఇచ్చింది. 2013లో సుప్రీంకోర్టు దాన్ని వెనక్కి లాక్కుంది. 2018 సెప్టెంబరు 6న అదే సుప్రీంకోర్టు, పెద్దల మధ్య ఇష్టపూర్వక సంబంధం నేరం కాదని తేల్చింది. 2023 అక్టోబరు 17న పెళ్లి హక్కు విషయంలో మాత్రం అది తాము ఇచ్చేది కాదు, పార్లమెంటు చూసుకోవాలి అన్నది. ఆ తీర్పును మళ్లీ పరిశీలించమన్న పిటిషన్లను 2025 జనవరిలో కొట్టేసింది. పాతికేళ్లు ఆగిన తర్వాత మనకు దొరికిన సమాధానం కూడా "తర్వాత" అనే.

ఈ కేసులన్నీ ముఖ్యమైనవే. కానీ ఇవన్నీ పద్దెనిమిది దాటినవాళ్ల గురించి. బళ్లో ఉన్న ఆగ్నెస్ సంగతేమిటి? 2021లో మద్రాసు హైకోర్టులో ఇద్దరు యువతుల కేసు వచ్చింది. ఇళ్లలో ఒప్పుకోక మధురై నుంచి చెన్నైకి పారిపోయి వచ్చినవాళ్లు వాళ్లు. న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్ తనకు ఈ విషయం తెలియదని ఒప్పుకుని, తెలుసుకోవడానికి తానే మనస్తత్వ నిపుణురాలి దగ్గర కూర్చున్నారు. ఆ తర్వాత ఇచ్చిన ఉత్తర్వుల్లో పోలీసులతో, వైద్యులతో పాటు బడులకు కూడా బాధ్యత అప్పగించారు. అదే ఏడాది ఎన్‌సీఈఆర్‌టీ ట్రాన్స్‌జెండర్ పిల్లలను బళ్లో ఎలా కలుపుకోవాలో ఉపాధ్యాయులకు చెప్పే ఒక పుస్తకం తయారుచేసి వెబ్‌సైట్‌లో పెట్టింది. మరుగుదొడ్లు, యూనిఫారాలు, తోటిపిల్లల వేధింపులు అన్నీ అందులో ఉన్నాయి. కొద్ది రోజుల్లోనే, జాతీయ బాలల హక్కుల కమిషన్ అభ్యంతరం చెప్పడంతో ఆ పుస్తకం వెబ్‌సైట్ నుంచి మాయమయింది. బాలల హక్కుల కోసం ఉన్న సంస్థ బాలల కోసం రాసిన పుస్తకానికి అడ్డం పడింది.

యూజీసీ 2016లో ర్యాగింగ్ నిబంధనలను సవరించింది. కులం, మతం, రంగు, రూపం, ప్రాంతం లాంటి వాటితో పాటు ట్రాన్స్‌జెండర్ అనో, లైంగిక దృక్పథం వల్లనో ఎవరినైనా వేధిస్తే అది కూడా ర్యాగింగే అని స్పష్టంగా చేర్చింది. మంచి నిబంధన. కానీ అది డిగ్రీ కాలేజీల నుంచి పైకే. మాటలు నాటుకునే వయసు పన్నెండు నుంచి పదిహేడు. ఆ వయసుకు గొడుగు లేదు.

'కొన్నాళ్లు ఆగు' అన్న మాట మన ఆడపిల్లల దగ్గర ఇంకా అర్థం లేనిదవుతుంది. ఆగ్నెస్‌కు పాతికేళ్లు ఆగే వీలైనా ఉంది. మనవాళ్లకు ఏడేళ్లు కూడా ఉండవు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఇరవై నుంచి ఇరవైనాలుగేళ్ల మధ్య ఉన్న స్త్రీలలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. 'తేడా' అని పేరు పడిన పిల్లకు ఆ పెళ్లి ఇంకా ముందుకు జరుగుతుంది, మందులాగా. పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయని మన ఊళ్లలో తల్లులు, టీచర్లు, డాక్టర్లు కూడా చెప్పడం నా పనిలో నేను ఎన్నోసార్లు విన్నాను. ఓదార్పు మాట ఇక్కడ శిక్షగా మారుతుంది.

ఒక జిల్లా కేంద్రంలో డిగ్రీ విద్యార్థినులకు ఈ సినిమా చూపించి, మాటలు తెలుగులో చెబుతూ చర్చ పెట్టాం. పట్నం వెళ్లిపోతే సరిపోతుంది కదా అన్నారు కొందరు. ఎలీన్, ఆగ్నెస్ కూడా ఒక రాత్రి స్టాక్‌హోమ్ పారిపోదామని దారిన పోయే కారు ఎక్కుతారు. ఊరు దాటకముందే కారాయన దింపేస్తాడు. దర్శకుడు వాళ్లను పట్నం చేర్చకపోవడం మంచిదయిందని నాకనిపిస్తుంది. హైదరాబాదు వెళ్లే దారి డబ్బున్నవాళ్లకు, చదువు సాగినవాళ్లకు, మగపిల్లలకు తెరిచి ఉంటుంది. మిగిలినవాళ్లు బతకవలసింది ఉన్న ఊళ్లోనే. చర్చలో చివరి బెంచీ నుంచి ఒకమ్మాయి లేచి, "ఆగ్నెస్‌కి తలుపేసుకోవడానికి ఒక గది ఉంది మేడమ్, మాకు అది కూడా లేదు" అంది. గది మొత్తం నిశ్శబ్దమైపోయింది. నా దగ్గర జవాబు లేదు. ఆ తలుపు కూడా ఆగ్నెస్ డైరీని కాపాడలేదు కదా అని మాత్రం అనగలిగాను. మన పిల్లల డైరీ ఇప్పుడు సెల్‌ఫోన్. అది అన్నయ్య చేతిలోనో, నాన్న చేతిలోనో, హాస్టల్ వార్డెన్ చేతిలోనో ఉంటుంది.

సినిమాలో చివరికి ఆ ఇద్దరికీ దొరికే గది బడి మరుగుదొడ్డి. మాట్లాడుకోవడానికి ఎలీన్ ఆగ్నెస్‌ను లోపలికి లాగి గడియ పెడుతుంది. బయట జనం పోగవుతారు. లోపల ఎలీన్‌తో ఉన్న అబ్బాయెవరని తలుపు బాదుతారు. కొంతసేపటికి తలుపు తీసుకుని ఇద్దరూ బయటికొస్తారు. ఈమె నా ప్రేయసి అని ఎలీన్ అందరి ముందూ చెప్పి, ఆగ్నెస్ చెయ్యి పట్టుకుని నడిచిపోతుంది. తర్వాత ఇంట్లో ఇద్దరూ చాక్లెట్ పాలు కలుపుకు తాగుతూ, పొడి ఎంత వేస్తే బాగుంటుందో మాట్లాడుకుంటారు. అంతే. విప్లవం లేదు, చావు లేదు. ఇలాంటి ప్రేమలున్న సినిమాల్లో ఎవరో ఒకరు చచ్చిపోవడం రివాజు. ఇద్దరు ఆడపిల్లలు బతికి ఉండి పాలు తాగడం అనే మామూలు సంగతి ఆ తెర మీద ఎంత పెద్ద హక్కుగా కనిపిస్తుందో చూసినవాళ్లకే తెలుస్తుంది.

మన దేశంలో 2022లో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర నమోదు సంస్థ లెక్క. ఆత్మహత్యల కారణాలకు ఆ నివేదికలో గడులున్నాయి. కుటుంబ సమస్యలు, పరీక్షల్లో తప్పడం, ప్రేమ వ్యవహారాలు, జబ్బు. వరండాలో నవ్వులు భరించలేక వెళ్లిపోయిన పిల్ల ఈ గడుల్లో ఎక్కడ ఉంటుంది? ఏదో ఒక గడిలో కలిసిపోతుంది. బతికుండగా మాట లేనివాళ్లకు చనిపోయాక లెక్క కూడా లేదు.

ఈ వయసులో పిల్లలకు ఇవన్నీ చెప్పడం తొందరపాటు కాదా అని అడిగేవాళ్లున్నారు. మనం చెప్పకపోతే వాళ్లకు తెలియదన్న నమ్మకం మీద ఆ ప్రశ్న నిలబడుతుంది. ఆరో తరగతిలోనే 'ఆడంగి' అన్న పిలుపు విన్న పిల్లవాడికి పాఠం అప్పుడే మొదలయింది. బడి దాన్ని రోజూ నేర్పుతోంది, తిట్టు రూపంలో. మనం అడిగేది కొత్త పాఠం చేర్చమని కాదు, ఉన్న పాఠాన్ని మార్చమని. ఇది పరాయి దేశపు గొడవ అనేవాళ్లకు కూడా నాది ఒకే జవాబు. స్వీడిష్ మాటలు ఒక్కటీ తెలియని మన అమ్మాయిలకు ఆగ్నెస్ ఎవరో ఎవరూ విడమరిచి చెప్పవలసిన అవసరం రాలేదు.

కాబట్టి అడగవలసినవి స్పష్టంగా అడుగుదాం. యూజీసీ నిబంధనల్లోని ఆ నిర్వచనాన్ని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడులకు, జూనియర్ కాలేజీలకు, సంక్షేమ హాస్టళ్లకు వర్తింపజేయాలి. 2021లో తీసేసిన ఆ పుస్తకంలోని విషయాలు తెలుగులో ఉపాధ్యాయ శిక్షణలో చేరాలి. నమ్మి చెప్పుకున్న పిల్ల సంగతిని ఆమె ఇష్టం లేకుండా ఇంటికి చేరవేయకూడదని టీచర్లకు, వార్డెన్లకు నియమం ఉండాలి. గడియ పడే మరుగుదొడ్డి ప్రతి బళ్లో, ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ భయం లేకుండా అందుబాటులో ఉండాలి. చక్రాల కుర్చీ కూడా అందులోకి వెళ్లగలగాలి.

ప్రభుత్వాన్ని అడగడంతో పని తీరదు. మన సంఘాల్లో కౌన్సెలింగుకు వచ్చే తల్లిదండ్రులు "మా పిల్ల పెళ్లి వద్దంటోంది, మీరైనా నచ్చజెప్పండి" అన్నప్పుడు, ఎందుకు వద్దంటోందో ఆ పిల్లను విడిగా, నెమ్మదిగా అడిగే ఓపిక మనకుండాలి. జవాబు మనకు అలవాటు లేనిదైనా వినాలి. విన్న తర్వాత "కొన్నాళ్లు ఆగమ్మా" అనకూడదు. వచ్చే వారం ఆమె ఎక్కడ పడుకుంటుంది, ఎవరితో మాట్లాడుతుంది, చదువు ఎలా సాగుతుంది, ఇవి ఆ రోజే తేల్చుకోవలసిన సంగతులు. ఆమె హక్కులు పెద్దయ్యాక మొదలయ్యేవి కావు. మన పని కూడా అప్పటిదాకా ఆగేది కాదు.